అధ్యక్షుడి తలకొరివి

చనిపోయినవాళ్ళకు ఒక చిక్కుంది. మెడలో ఎవరు ఏ రంగు కండువా వేసినా తీసి అవతల పారేయలేరు. మొన్న జనగామలో మా ఇంటికి వచ్చిన ముగ్గురు మనుషులు సోఫా మీద ఫ్లెక్సీ పరిచినప్పుడు నాకు మొదట తట్టింది ఇదే. అందులో ఉన్నది మా పెద్దనాయిన, అంటే మా అమ్మ అక్క భర్త. చామనఛాయ మనిషిని పట్టుకుని పెళ్ళికొడుకులా తెల్లగా చేశారు. మీసాలకు నల్లరంగు పూశారు. ఆయన బతికుండగా పుట్టని పార్టీ కండువా తెచ్చి ఆయన భుజాల మీద వేశారు. పక్కనే, ఆయనకు రెండింతల ఎత్తున, చేతులు జోడించి నవ్వుతూ యాదగిరి. ఒకప్పుడు మా పెద్దనాయిన జీపు వెనక సీట్లో తిరిగిన యాదగిరి ఇప్పుడు ఆ పార్టీకి జిల్లా అధ్యక్షుడు. ఇది అతనికి మూడో పార్టీయో నాలుగోదో అతనికే గుర్తుండి ఉండదు. కింద పెద్ద అక్షరాలతో, ‘మహానేతకు తలకొరివి పెట్టిన మానసపుత్రుడు’ అని ఉంది.

"మేడం, మీరు వాళ్ళింట్లనే పెరిగిండ్రట గద," అన్నాడు ముగ్గురిలో పెద్దగా కనిపించినవాడు. "శతజయంతి సావనీర్ల మీ వ్యాసం పడాలని యాదగిరన్న చెప్పిండు. గా తలకొరివి ముచ్చట జర మంచిగ రాయుండ్రి. కండ్లల్ల నీళ్ళు రావాలె."

"ఎవరి కండ్లల్ల?" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. పెద్దాయన ఆశయాలను ముందుకు తీసుకుపోవడమే తమ పార్టీ లక్ష్యమని చెప్పడం మొదలుపెట్టాడు. ఏ ఆశయాలు నాయనా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అన్నీ మంచి ఆశయాలే మేడం," అన్నాడు. అంతకంటే వివరంగా చెప్పగలిగినవాడు ఆ పార్టీలోనే కాదు, ఏ పార్టీలోనూ లేడని నాకు తెలుసు కనుక టీ ఇచ్చి పంపించేశాను. ఫ్లెక్సీ మాత్రం మడిచి నా దగ్గరే పెట్టి పోయారు, చూస్తూ రాసుకోమని.

మా పెద్దనాయిన ఒకప్పుడు తన పార్టీకి రాష్ట్ర అధ్యక్షుడు. ఆ రోజుల్లో మా దిక్కు అధ్యక్షుడు అంటే ఆయనే. ఇంటిపేరూ ఒంటిపేరూ పోయి ఆ ఒక్కమాటే మిగిలింది. ఆయన పెంచిన పార్టీ చీలింది, చీలినది మళ్ళీ చీలింది, ఆ పీలికల్లో నుంచి కొత్తవి మొలిచాయి. ఇప్పుడు అన్నిటికీ ఆయనే కావాలి. జిల్లా ముక్కలయ్యాక మా పెద్దనాయిన కూడా ముక్కలయ్యాడు. జనగామలో ఆయన రైతుల మనిషి. మానుకోటలో ఇంకో పార్టీవాళ్ళకు బయ్యారం ఇనుపరాయి గురించి అందరికంటే ముందు కలలు కన్న ద్రష్ట. భూపాలపల్లిలో మరో పార్టీవాళ్ళకు బొగ్గుబాయి కార్మికుల ఆత్మబంధువు. బొగ్గుబాయి మాట అటుంచండి, మా ఇంట్లో వడ్లబస్తాలుండే చీకటి అర్రలోకి పోవడానికే ఆయన లాంతరు అడిగేవాడు. బయ్యారం ఒకసారి పోయాడు, ఎవరిదో పెళ్ళికి. వచ్చాక పప్పు బాగుందన్నాడు. ఇనుము గురించి ఏమీ అన్నట్టు నాకు గుర్తు లేదు. ఎవరికి ఏది కరువైతే అది ఆయన నోట్లో పెడుతున్నారు. చచ్చిన మనిషి నోరు కనుక మూసుకుపోదు, ఎంత పెట్టినా పడుతుంది.

మా ఊళ్ళో హైస్కూలు లేక నన్ను చదువు కోసం పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. జనగామ స్టేషనుకు దగ్గర్లో పెంకుటిల్లు. పొద్దున్నే లేచేసరికి పెద్దమ్మ పొట్టుపొయ్యి కూరుతూ ఉండేది. కోతమిల్లు నుంచి బస్తాల్లో వచ్చే రంపపుపొట్టును పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ గట్టిగా దట్టించి, తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. తొందరపడితే మొత్తం కూలిపోతుంది. పెద్దమ్మ ఎన్నడూ కూలనివ్వలేదు. తడిసిన కట్టెపొట్టు వాసన, మరుగుతున్న టీపొడి వాసన, వాకిట్లో ఎవరో కాలుస్తున్న బీడీ వాసన కలిస్తే ఆ ఇంటి పొద్దు. పాలకుర్తి దిక్కు నుంచి, చిల్పూర్ దిక్కు నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్ళు అప్పటికే అరుగు మీద వరసగా కూర్చుని ఉండేవాళ్ళు. పెద్దమ్మ వాళ్ళను ఎవరని గానీ ఏం పని మీద వచ్చారని గానీ అడిగేది కాదు. "తిన్నవా?" అనేది, అంతే. తినలేదంటే జొన్నరొట్టె, పచ్చిపులుసు. తిన్నానంటే అనుమానంగా చూసి అయినా పెట్టేది.

పెద్దనాయిన కిటికీ కమ్మీకి అద్దం తగిలించి అరుగు మీదే గడ్డం గీసుకునేవాడు. సగం మొహాన నురగ ఉండగా అర్జీలు వినేవాడు. నురగ ఉండగా ‘చూద్దాం’ అంటే పని అవుతుందని, కడుక్కున్నాక అంటే కాదని జనంలో ఒక నమ్మకం ఉండేది. అందుకని ఆయన కత్తి తీయగానే అరుగు మీద తోపులాట మొదలయ్యేది. ఆదివారం వస్తే ధోవతుల పని. పెద్దమ్మ నీలిమందు కలిపేది, గంజి పెట్టేది. తీగ మీద ఆరేశాక అవి అప్పడాల్లా బిర్రుగా నిలబడేవి. బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకుని వాటిని మడతపెట్టే పని కౌసల్యక్కది. అక్క వాళ్ళకు ఒక్కతే బిడ్డ, నాకంటే కొన్నేళ్ళు పెద్దది. టీ గ్లాసుల పళ్ళెం కూడా అక్కే తెచ్చేది. కొత్తగా వచ్చిన పెద్దమనుషులు పిల్లలెందరండీ అని అడిగితే, అక్క చేతిలోని పళ్ళెం లోంచి గ్లాసు అందుకుంటూనే పెద్దనాయిన, "మాకు మగసంతానం లేదు," అనేవాడు. అడిగింది అది కాదు, అయినా ఆ జవాబే చెప్పేవాడు. అక్క ఖాళీ పళ్ళెంతో లోపలికి వచ్చేది. ఒకసారి మాత్రం, ఏదో ఎన్నికలో గెలిచి వచ్చిన ఉషారులో, యాదగిరి వీపు మీద చరిచి, "నువ్వు నా కొడుకు లెక్కరా," అన్నాడు. వంటింటి గుమ్మం దగ్గర అక్క, నేను ఇద్దరం విన్నాం. ఆ ఒక్కమాటను యాదగిరి దాచుకుని, ఇన్నేళ్ళ తర్వాత ఫ్లెక్సీ మీద అచ్చు వేయించాడు.

మా పెద్దనాయిన దేవుడేం కాదు. ఈ విద్యలో ఆయనా తక్కువ తినలేదు. ఇంటి ముందరి గదిలో, వచ్చినవాళ్ళ కళ్ళు ముందుగా పడేచోట, ఆయనకు ముందటి అధ్యక్షుడి పటం ఉండేది. ఆయన్ని కుర్చీలోంచి దించింది మా పెద్దనాయినే. దించాక రెండేళ్ళు ఆయన పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆయన పోయిన మర్నాడే పటం వచ్చింది. వర్ధంతి వస్తే గంధం, బొట్టు, బంతిపూల దండ. ‘వారు చూపిన బాటలో’ అని ఉపన్యాసం. పెద్దమ్మకు ఈ తతంగం చూస్తే ఒళ్ళు మండేది. "మొన్నటిదాక గాయిన మొఖం చూడనన్నవ్, ఇయ్యాల బొట్టు వెడుతున్నవ్," అంది ఒకసారి, నా ముందే. పెద్దనాయిన నవ్వి, "బతికున్న అధ్యక్షుడు పోటీ. సచ్చిన అధ్యక్షుడు ఆస్తి. నీకు తెల్వదు," అన్నాడు. పెద్దమ్మ దండ వాడిపోయిన వెంటనే తీసి బర్రెకు వేసేది. తాను కూడా ఒకనాడు అలాంటి ఆస్తి అవుతాడని ఆయనకు తెలిసే ఉండాలి. తన వంతు వచ్చేసరికి మాత్రం అందరిలాగే ఆశ్చర్యపోయాడు.

ఆ ముచ్చట రేడియోలో తెలిసింది. సాయంత్రం వార్తల్లో కొత్త అధ్యక్షుడి పేరు చెప్పారు. పెద్దనాయిన లేచి వెళ్ళి రేడియో ఆపి, మళ్ళీ వచ్చి అదే చోట కూర్చున్నాడు. మర్నాడు అరుగు మీద ఇద్దరే ఉన్నారు. వాళ్ళకూ వార్త అందలేదు, పాపం, పల్లెటూరివాళ్ళు. తర్వాత వాళ్ళూ రాలేదు. స్టేషనుకు పోయేవాళ్ళు మా వీధి తప్పించి వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టారు. పెద్దమ్మ చేతికి మాత్రం అలవాటు పోలేదు. రోజూ అదే పెద్ద గంజులో టీ, అదే కొలతకు అన్నం. వారం పదిరోజులు మా బర్రెకు జరిగిన మర్యాద ఏ మంత్రికీ జరిగి ఉండదు. జీపు పార్టీది. దాన్ని తీసుకుపోవడానికి యాదగిరి వచ్చాడు. "అన్న తెమ్మన్నడు," అన్నాడు. అన్న అంటే అప్పటికి కొత్త అధ్యక్షుడు. పెద్దమ్మ, "తిన్నవా?" అంది. తినలేదన్నాడు. కూర్చోబెట్టి పెట్టింది. పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు. అరుగు మీద పెద్దనాయిన గడ్డం గీసుకుంటూ ఉన్నాడు. జీపు కదిలిపోతుంటే తల తిప్పలేదు. ఆనాటి నుంచి ఆయన పోయేదాకా యాదగిరి మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

తర్వాత వాళ్ళు పాలకుర్తి అవతల ఉన్న సొంత ఊరికి వెళ్ళిపోయారు. అక్కను అంతకుముందే భూపాలపల్లికి ఇచ్చారు. మా బావ బొగ్గుబాయిలో పని చేసేవాడు. దగ్గుతో పెద్దనాయిన మంచం పట్టాక అక్క అత్తగారింట్లో మాటలు పడుతూ నెలకోసారి వచ్చి, చేయగలిగింది చేసి పోయేది. చివరి రోజుల్లో అక్కడే ఉండిపోయింది. ఆయన వానాకాలంలో, తెల్లవారుతూ ఉండగా పోయాడు. కబురు తెలిసి నేను, మా నాయిన మధ్యాహ్నానికి చేరుకున్నాం. వాకిట్లో ఇరుగుపొరుగు తప్ప పార్టీ మనిషి ఒక్కడూ లేడు. ఆరోజే జనగామలో కొత్త అధ్యక్షుడికి సన్మానసభ. అక్కడి నుంచి ఒక పూలచక్రం ఇచ్చి ఒక అటెండరును పంపారు. వేదిక పనులు చూస్తున్నది యాదగిరి అని ఆ అటెండరే చెప్పాడు, తీరిక లేక రాలేకపోయాడని సంజాయిషీగా.

తలకొరివి పెట్టాల్సింది పాలివాళ్ళు, అంటే పెద్దనాయిన అన్నదమ్ముల కొడుకులు. వాళ్ళు చేతులు కట్టుకుని చింతచెట్టు కింద నిలబడ్డారు. కాలువ పక్క చెలక తమ పేర రాసిస్తామని నలుగురిలో మాట ఇస్తేనే కుండ పడతామన్నారు. రాష్ట్రమంతా పంచాయితీలు తెంపిన మనిషి శవం ఆ పంచాయితీ తెగక వాకిట్లో ఉండిపోయింది. అప్పుడు పెద్దమ్మ లోపలి నుంచి వచ్చి, "కౌసల్యా, తానం చేసిరా. కుండ పట్టు," అంది. ఆడపిల్ల కొరివి పట్టడమేమిటని ముసలివాళ్ళు గొణిగారు. "కన్నది నేను. పట్టుమంటున్న," అంది పెద్దమ్మ. అక్క తడి చీరతో నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది. మా నాయిన, ఇద్దరు జీతగాళ్ళు, ఊరి సాకలి ఎల్లయ్య పాడె మోశారు. కట్టెలు వానకు తడిసి అంటుకోలేదు. అందరూ వెనక్కి వచ్చాక కూడా అక్క అక్కడే నిలబడి, మంట పైకి లేచేదాకా కదల్లేదు. మగసంతానం లేని మనిషిని అలా సాగనంపింది.

కుండ పట్టమన్నప్పుడు పద్ధతి గుర్తురాని పాలివాళ్ళకు దినాలయ్యాక మరో పద్ధతి గుర్తొచ్చింది. "కొరివి పట్టినోళ్ళతోనే తల్లి. మనకాడ గదే రివాజు," అని నలుగురిలో చెప్పి పెద్దమ్మ బాధ్యత దులుపుకున్నారు. పెద్దమ్మ ట్రంకుపెట్టెతో భూపాలపల్లి బస్సెక్కింది. అక్కడ అత్తగారు, కొరివి పట్టిన చెయ్యని, అక్కను ఏడాది దాకా వంటింట్లోకి రానివ్వలేదు. బావ మంచివాడే గాని నోరులేనివాడు. వసారాలో వేరే పొయ్యి పెట్టుకుని తల్లికి, తనకు అక్క వండుకుంది. అత్తగారు పోయింది, బావ పోయాడు, పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ స్థిరపడ్డారు, పెద్దమ్మ మాత్రం ఉంది. తొంభై దాటిన మనిషి. నీళ్ళు పోయాలి, పట్టుకుని నడిపించాలి, రాత్రిపూట లేవదీయాలి. చేసే అక్కకు డెబ్బై దాటింది. మోకాళ్ళు అరిగి, గోడ పట్టుకుని నడుస్తుంది. ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, పెద్దనాయిన పేర బియ్యం ఇచ్చేదీ అక్కే.

ఫ్లెక్సీవాళ్ళు పోయాక అక్కకు ఫోన్ చేసి ఆ వాక్యం చదివి వినిపించాను.

"అన్నీ తీస్కోనీ," అంది. "బాపు పేరు తీస్కోనీ, బొమ్మ తీస్కోనీ, ఏమన్న చేస్కోనీ. గదొక్కటి నాది చెల్లే. బతికినన్నొద్దులు నన్ను లెక్కల వెట్టలే. గా ఒక్క దినం బాపుకు నేను తప్ప ఎవ్వలు లేకపాయిరి. అది గూడ వాడే పెట్టిండంటె, ఇగ నేనెందుకు పుట్టినట్టు?"

అక్క ఏడుస్తుంటే నేను ఎప్పుడూ వినలేదు. వెనక నుంచి పెద్దమ్మ గొంతు, ఏందే, ఏందే అని అడుగుతోంది. అక్క చెప్పింది. కాసేపటికి ఫోన్ పెద్దమ్మ చేతికి వచ్చింది. "యాదగిరి ఇల్లు జనగామలనేనా?" అని మాత్రం అడిగింది.

శతజయంతి సభకు ముందురోజు మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు జనగామ బస్టాండులో దిగారు. పెద్దమ్మ చేతిలో పెద్ద మూట. నాలుగు చీరలు, స్టీలు గ్లాసు, మందులడబ్బా, కప్పుకునే దుప్పటి. ఒక్కరోజుకు ఇంత ఎందుకని అడిగితే మూట ఇంకో చేతికి మార్చుకుంది. "పా బిడ్డా, నా కొడుకు ఇల్లు చూపియ్యి," అంది.

యాదగిరి ఇల్లు బైపాస్ దిక్కు, మూడంతస్తులు. ముందరి హాలు నిండా కార్యకర్తలు, కుర్చీల లెక్కలు, బిర్యానీ లెక్కలు. పెద్దమ్మను చూడగానే లేచి వచ్చి కాళ్ళకు మొక్కాడు. మొక్కుతూనే ఫోటో తీసేవాడి కోసం తల తిప్పి చూశాడు. ఫోటో పడ్డాక, "అమ్మా, కబురు వెడితె కారు పంపకపోదునా," అన్నాడు.

"కారెందుకు కొడుకా, ఇల్లు చేరితిని గద," అంటూ పెద్దమ్మ సోఫాలో కూర్చుని మూట పక్కన పెట్టుకుంది. "నా మంచం ఏ అర్రల ఏస్తవ్?"

యాదగిరి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

"నవ్వుడు కాదు కొడుకా. మీ పెద్దసారుకు కొరివి నువ్వే పెట్టినవని బొమ్మ కింద రాసినవట. ముసల్దాన్ని, నాకు యాదికి లేకపాయె. నువ్వే పెడితె, నేను గిన్నేండ్లు బిడ్డ ఇంట్ల తినుడు తప్పు. కొరివి పట్టినోని ఇంట్లనే తల్లి. నాడు పాలోళ్ళు నలుగుట్ల చెప్పిండ్రు."

మూలన కూర్చున్న ఒక ముసలి కార్యకర్త, ఏ లోకంలో ఉన్నాడో, "గది నిజమే. మనకాడ అదే రివాజు," అన్నాడు. యాదగిరి అతని వైపు చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు. వంటింటి గుమ్మంలో యాదగిరి భార్య వచ్చి నిలబడింది. పెద్దమ్మ ఆమెకే చెప్పడం మొదలుపెట్టింది. "నాకేం ఎక్కువ వద్దు బిడ్డా. పొద్దుగాల జావ, మాపటికి మెత్తగ ఇంత బువ్వ. రాత్రి ఒకటి రెండుమాట్ల లేపి పట్టుకపోవాలె. గంతే."

"మా ఇంట్ల మెట్లెక్కువ," అందామె. "అమ్మకు తక్లీఫ్ అయితది."

"కిందనే పండుకుంట."

ఆమె లోపలికి పోయింది. తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది. రెండు జిల్లాల్లో మైకు పట్టుకుంటే వదలని మనిషికి ఆ రోజు చేతిలో మైకు లేదు. సెల్‌ఫోన్ మోగకుండానే చెవి దగ్గర పెట్టుకున్నాడు, తీశాడు. "అమ్మా, పోరగాండ్లు రాసిండ్రు, ఆవేశంల. మానసపుత్రుడంటే మనసుల కొడుకన్నట్టు..."

"మనసుల కొడుకువైతె మనసులనే ఉండకపోయినవ్. కాట్లకెందుకొచ్చినవ్?" అంది పెద్దమ్మ. కోపంగా కాదు, మామూలుగా అడిగినట్టే అడిగింది. అడిగి, అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. అక్క ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ చెప్పుల స్టాండు దగ్గరే నిలబడి ఉంది, లోపలికి రాలేదు. చివరికి యాదగిరి కారు తెప్పించాడు. ఫ్లెక్సీ మార్పిస్తానన్నాడు, రేపు సభలో అంతా సరిగ్గా చెప్తానన్నాడు. మూట తనే స్వయంగా డిక్కీలో పెట్టించాడు. అమ్మ జాగ్రత్త అని డ్రైవరుకు మరీ మరీ చెప్పాడు. అంత జాగ్రత్తగా ఒక మనిషిని ఇంట్లోంచి పంపేయడం నేను మళ్ళీ చూడలేదు.

సభ ఎలా జరిగిందంటే, అలాంటి సభలు ఎలా జరుగుతాయో అలాగే జరిగింది. మా పెద్దనాయిన తనకు తెలియని పనులన్నీ చేశాడు. ఒకాయన కథనంలో చెరువులు తవ్వించాడు, ఇంకొకాయన కథనంలో ముందుచూపుతో కంప్యూటర్ల గురించి మాట్లాడాడు. పాడె మోశామన్నవాళ్ళు వేదిక మీదే అయిదారుగురు. వాళ్ళందరూ నిజంగా మోసి ఉంటే పాడె కాదు, లారీ కావలసి వచ్చేది. నిజంగా మోసినవాళ్ళలో ఒక్కరూ ఇవాళ బతికి లేరు, ఉన్నా వాళ్ళకు కుర్చీ వేసేవాళ్ళు కాదు. యాదగిరి మైకు అందుకున్నాడు. ఆ ఘట్టం వచ్చింది. "ఆ మహానేత చితికి నిప్పంటించింది..." అని ఆగి, ముందువరసలో పెద్దమ్మను చూశాడు. పెద్దమ్మ మూట ఆరోజు కూడా వెంట తెచ్చుకుంది, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "...ఆయన కన్నబిడ్డ, మా అక్క కౌసల్యమ్మ," అన్నాడు. చప్పట్లు పడ్డాయి. వెంటనే ఊపు తెచ్చుకుని, "ఆనాడే ఒక ఆడబిడ్డ చేత తలకొరివి పెట్టించిన ఘనత మన పార్టీది. మహిళా సాధికారతకు మనమే నాంది పలికినం," అన్నాడు. ఆనాటికి ఆ పార్టీ పుట్టనే లేదు. చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. అక్కను పైకి పిలిచి శాలువా కప్పారు, చెయ్యి పట్టుకుని పైకెత్తారు. మెట్లు దిగలేక అక్క ఇబ్బంది పడుతుంటే చెయ్యి ఇచ్చినవాడు లేడు. నేనే వెళ్ళి దింపాను.

ఇంటికి వచ్చాక నా నోరు ఆగలేదు. ఆ రోజుల్లో బతికున్న మనిషిని వదిలేసేవాళ్ళు, అది పాపమే అయినా చచ్చాక ఒక పటం, ఒక దండతో సరిపెట్టేవాళ్ళు. ఇప్పుడు శవాన్ని లేపి, కండువా కప్పి, ఓట్లు అడగమని తిప్పుతున్నారు. ఆయన ఎవరిని మర్చిపోయాడో వాళ్ళనూ ఈడ్చుకొచ్చి వేదికెక్కిస్తున్నారు. యాదగిరి నిజం ఒప్పుకున్నాడే గాని నిజానికి జడిసి కాదు, ఒక ముసలామెకు పోయాల్సిన జావకు జడిసి ఒప్పుకున్నాడు. ఇలాంటివాణ్ణి కొడుకు లెక్క అన్న మా పెద్దనాయిన తెలివికి కూడా ఒక దండం పెట్టాను. అక్క మాత్రం తృప్తిగానే ఉంది. "ఏమన్న అననీ. గంతమందిల నా పేరు చెప్పిండు గద. నాకు చాలు," అని దివాన్ మీద ఒరిగింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే కన్ను మూతపడింది. వేదిక మీద కప్పిన శాలువా తీయకుండానే నిద్రపోయింది.

నేను పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. "భలే బెదిరిచ్చినవ్ పెద్దమ్మా వాన్ని. మూట జూసే వాని పానం పోయింది," అని నవ్వాను.

పెద్దమ్మ నవ్వలేదు.

"బెదిరిచ్చుడేంది? ఉండనీకే పోయిన," అంది. "వాడు పెట్టలేదని నాకు తెల్వదా? అయినా పోయిన. నా చేతి బువ్వ తిన్నోడే గద, సిగ్గుకైన ఉండుమంటడనుకున్న. ఒక్క నెల ఉంటె, గీ పిల్ల నెల దినాలు కడుపునిండ నిద్రపోతుండె. రాత్రి రెండుమాట్ల లేస్తది నాకోసం, గోడ వట్టుకోని. గా మోకాళ్ళు చూసినవా నువ్వు?"

నేనేదో అనబోయాను. పెద్దమ్మ అక్క వైపు చూసి, నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"మెల్లగ," అంది. "లేస్తది."